వాడిన మోటారు పడవ కొన్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఇటీవల ఒకరి దగ్గర వాడిన మోటారు పడవను కొన్నాను. 17 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ; వెనుక 60 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజను ఉంది, ట్రైలర్ కూడా ఇచ్చారు. రెండేళ్లుగా నీటిలో దింపలేదనీ, ఇంజను చాలా తక్కువ గంటలు నడిచింది కాబట్టి కొత్తదానితో సమానమనీ అమ్మినాయన చెప్పారు. తెడ్లు వేయడం తప్ప నాకు పడవ నడిపిన అనుభవం లేదు. వచ్చే ఆదివారం భార్యను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకుని వెళ్లాలని ఉంది. ముందు రంగు వేయించి, సీట్లు మార్పించమని మిత్రులు అంటున్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: వచ్చే ఆదివారం కుటుంబంతో బయలుదేరవద్దు. పడవ చెడిపోయి ఉంటుందని కాదు, అది ఏ స్థితిలో ఉందో ఇప్పటికి మీకు గానీ, రెండేళ్లుగా దానిని కదిలించని పాత యజమానికి గానీ తెలియదు, అందుకని. నీటి మీద ఇంజను ఆగిపోతే రోడ్డు మీద బండిలా పక్కకు తీసి నిలిపే వీలుండదు. గాలి ఎటు తోస్తే పడవ అటే పోతుంది. కొన్ని వారాలు పడవను నేల మీదే ఉంచి పరిశీలించి, ఆ తరువాత అనుభవం ఉన్న ఒక మనిషిని తోడు తీసుకుని నీటిలో దింపి, మీ చేయి కుదిరాకే పిల్లలను ఎక్కించుకోవాలి.

తక్కువ గంటలు నడిచిన ఇంజను కొత్తదానితో సమానం అన్న మాట గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. రబ్బరు, గ్రీసు, పెట్రోలు, బ్యాటరీ వాడకుండా ఉంచినా కాలంతో పాటు చెడిపోతాయి. క్రమంగా నడుస్తూ, ఏటా ఆయిల్ మారుతూ వచ్చిన 600 గంటల ఇంజను, మూలన పడి ఉన్న 80 గంటల ఇంజను కంటే మేలని నా అభిప్రాయం. అమ్మినాయన అబద్ధం ఆడారని అనుకోనక్కరలేదు, కానీ ఆయన మాటను ఆధారంగా తీసుకోనూ కూడదు. రసీదు చూపలేని ప్రతి మరమ్మతూ జరగలేదనే లెక్కతోనే మీరు మొదలుపెట్టండి.

కాగితాల పని త్వరగా ముగుస్తుంది. ఫ్యాక్టరీలో తయారైన పడవలకు సాధారణంగా వెనుక కొస కుడి పక్కన, పై భాగంలో గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. ఇంజనుకు, ట్రైలర్‌కు వేరు వేరు సంఖ్యలుంటాయి. ఈ మూడూ అమ్మకపు పత్రంలోని సంఖ్యలతో సరిపోవాలి, పడవ మీద ఎవరికీ అప్పు మిగిలి ఉండకూడదు. రిజిస్ట్రేషను, నడిపేవారి అనుమతి, బీమా విషయంలో మీరు ఉన్న చోటి చట్టం ఏమి కోరుతుందో సంబంధిత కార్యాలయంలోనే అడిగి తెలుసుకోండి. మిత్రుల మాట మీద ఆధారపడవద్దు.

ఇక పడవ దేహం. ఔట్‌బోర్డ్ ఇంజను బరువంతా మోసేది పడవ వెనుక నిలువుగా ఉండే గోడ, దానినే ట్రాన్సమ్ అంటారు. ఫైబర్‌గ్లాస్ పడవల్లో చాలావాటికి ఈ గోడ లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను బిగించిన బోల్టుల చుట్టూ సీలు పోతే నీరు లోపలికి దిగి, పైకి ఏ గుర్తూ కనిపించకుండానే ఆ చెక్క కుళ్లిపోతుంది. నూరు కిలోలు దాటిన ఇంజను అలాంటి గోడకు వేలాడుతూ అలల మీద ఎగిరెగిరి పడితే ఏమవుతుందో ఊహించవచ్చు. సుత్తి పిడితోనో ప్లాస్టిక్ సుత్తితోనో గోడనంతా అంగుళం అంగుళం తట్టి చూడండి. గట్టి చెక్క టక్‌మని స్పష్టంగా పలుకుతుంది, కుళ్లిన చోట మొద్దు శబ్దం వస్తుంది. తరువాత ఇంజనును కొంత పైకి లేపి, కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ బలంగా ఊపుతూ, గోడ వంగుతోందేమో, బోల్టుల దగ్గర పగుళ్లు తెరుచుకుంటున్నాయేమో మరొకరిని చూడమనండి. లోపలి నేల మీద కూడా అంతటా నడవండి. పాదం కింద మెత్తగా దిగిన చోట కింది చెక్క తడిసిందని అర్థం. ఈ పరీక్షలో అనుమానం వస్తే, మిగతా ఏ ఖర్చూ పెట్టకముందే పడవలను తనిఖీ చేసే సర్వేయర్‌ను పిలిపించండి. ట్రాన్సమ్ మార్చడం చాలా పెద్ద పని, పడవ విలువకే అది మించిపోయే సందర్భాలు ఉన్నాయి.

ఇంజను విషయంలో అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది నీటి ప్రసరణ. ఔట్‌బోర్డ్ ఇంజను తాను తేలుతున్న నీటినే లోపలికి లాక్కుని చల్లబడుతుంది, ఆ నీటిని లాగేది కింది భాగంలో ఉండే ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం. రెండేళ్లు ఒకే స్థితిలో నిలిచిపోయిన ఆ చక్రం రెక్కలు వంగిన ఆకారంలోనే బిగుసుకుపోయి, పగిలి ఉండవచ్చు. దానిని మామూలుగానే రెండు మూడేళ్లకోసారి మారుస్తారు, మీ పడవకు దానిని పరీక్షించనవసరం లేదు, తప్పకుండా మార్పించండి. విడి భాగం ధర చిన్నది; అది విరిగితే వేడెక్కి పాడయ్యే ఇంజను ధర చిన్నది కాదు. నేల మీద ఇంజనును నీరు లేకుండా సరదాకైనా స్టార్టు చేయవద్దు. పొడిగా తిరిగితే ఇంపెల్లర్ కొద్ది క్షణాల్లోనే కాలిపోవడం మొదలవుతుంది. నీరు లాక్కునే రంధ్రాల మీద రెండు వైపులా అమరే రబ్బరు కప్పులు దొరుకుతాయి. వాటిని తగిలించి, నీటి గొట్టం కలిపి, నీరు వదిలాకే ఇంజను తిప్పాలి, ఆ సమయంలో ప్రొపెల్లర్ దరిదాపుల్లో ఎవరూ ఉండకూడదు. ఇంజను నడుస్తుండగా దాని వెనుక పక్క నుంచి సన్నని నీటి ధార నిలకడగా బయటికి వస్తుంది. ఇక మీదట పడవ నడిపినంత కాలం ప్రతిసారీ స్టార్టు చేయగానే మీ చూపు మొదట ఆ ధార మీదికే పోవాలి. ధార ఆగితే ఇంజనును వెంటనే ఆపి, ఆ రంధ్రంలో మట్టి అడ్డుపడిందేమో సన్నని నైలాను దారంతో పొడిచి చూడండి. అప్పటికీ రాకపోతే తిరిగి స్టార్టు చేయకుండా తెడ్డు తీయండి.

తరువాతి సాక్ష్యం కింది గేరు పెట్టెలోని ఆయిల్ ఇస్తుంది. కింది స్క్రూ విప్పితే మొదట వచ్చే నాలుగు చుక్కలే చాలా విషయాలు చెబుతాయి. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబారితే సీళ్ల గుండా నీరు చేరిందని, లోహపు ముక్కలు కనిపిస్తే గేర్లు అరిగాయని అర్థం. స్క్రూ కొసన ఉండే అయస్కాంతానికి అంటిన మెత్తని పొడి మాత్రం మామూలే. సీళ్లు చెడడానికి తరచుగా కనిపించే కారణం చేపల గాలపు దారం. అది ప్రొపెల్లర్ వెనుక ఇరుసుకు చుట్టుకుని సీలును కోసేస్తుంది, కాబట్టి ప్రొపెల్లర్‌ను ఒకసారి ఊడదీసి చూడండి. కొత్త గేర్ ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలో కనిపించేదాకా నింపితేనే లోపల గాలి మిగలదు. ఇంజను ఆయిల్‌ను, దాని ఫిల్టర్‌ను కూడా ఇప్పుడే మార్చి, ఆ తరువాత 100 గంటలకో సంవత్సరానికో, ఏది ముందు వస్తే అప్పుడు మారుస్తూ ఉండండి. ఇదే సమయంలో మెకానిక్ చేత ప్రతి సిలిండరు కంప్రెషన్, అంటే లోపలి గాలిని అది ఎంత గట్టిగా నొక్కగలుగుతోందో, కొలిపించండి. వచ్చిన అంకె కంటే సిలిండర్ల మధ్య తేడాయే ముఖ్యం. ఆ తేడా 10 నుంచి 15 శాతం మించితే కారణం తెలిసేదాకా డబ్బు ఖర్చు చేయడం ఆపండి.

ట్యాంకులో మిగిలిన రెండేళ్ల నాటి పెట్రోలుతో ప్రయాణం అనుకోవద్దు. ఎథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటాక నీరు, ఎథనాల్ కలిసి వేరుపడి ట్యాంకు అడుక్కు చేరతాయి, ఇంజనుకు ఇంధనం లాగే గొట్టం కొస కూడా సరిగ్గా ఆ అడుగునే ఉంటుంది. పాత పెట్రోలంతా తీయించి, నీటిని వేరుచేసే ఫిల్టర్ మార్చి, తాజా పెట్రోలు పోయండి. పడవల్లో నడిమధ్యన ఆగిపోయిన ఇంజన్ల కథ విచారిస్తే చాలా వరకు ఇంధనం దగ్గరే తేలుతుంది. గొట్టం మధ్యలో చేతితో నొక్కే రబ్బరు బల్బు కొన్నిసార్లు నొక్కగానే గట్టిపడాలి. గట్టిపడకపోయినా, బల్బు మీదో గొట్టం మీదో పగుళ్లు కనిపించినా రెండింటినీ కలిపి మార్చండి. చేతితో మోసే ట్యాంకు అయితే దానిని పడవలో ఉంచి నింపకూడదు, నేల మీద పెట్టి నింపాలి, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

ఈ సందర్భంలో, ఇంజను పడవ లోపలే బిగించి ఉండే రకం కొన్న పాఠకులకు ఒక మాట. స్టార్టు చేసే ముందు గాలిని బయటికి తోసే ఫ్యానును కనీసం 4 నిమిషాలు నడిపి, మూత తెరిచి వాసన చూడాలి. ఆ ఇంజనుకు స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ వంటివి మార్చవలసి వస్తే చవకగా వస్తుందని కారు భాగాలను బిగించవద్దు. పడవ కోసం చేసినవి నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటాయి, కారువి ఉండవు.

విద్యుత్తు సంగతి క్లుప్తంగా చెబుతాను. రెండేళ్లు చార్జింగు లేని బ్యాటరీని నమ్మవద్దు, కొత్తది కొని కదలకుండా పట్టీతో బిగించండి. పచ్చగా చిలుము పట్టిన తీగ కొసలను కత్తిరించి కొత్తవి వేయండి. అడుగున చేరిన నీటిని తోడే బిల్జ్ పంపు, మెయిన్ స్విచ్ ఆపి ఉన్నప్పుడు కూడా నీరు పెరిగితే తానంతట తాను నడిచేలా, ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి కలిపి ఉండాలి.

వెనుక గోడ అడుగున నీరు వదిలే రంధ్రానికి ఉండే డ్రెయిన్ ప్లగ్ బిగించడం మరిచి పడవను దింపడం కొత్తవారే కాదు, ఏళ్ల తరబడి నడిపినవారు కూడా చేసే పని. నీరు లోపలికి వస్తున్న సంగతి పడవ బరువెక్కి మందకొడిగా కదిలినప్పుడు గానీ తెలియదు, అప్పటికి ట్రైలర్ ఎక్కడో నిలిపి ఉంటుంది. ప్లగ్‌ను ఇంజను తాళం చెవితో కలిపి కట్టుకునే అలవాటు చేసుకోండి, ఒకటి అదనంగా కూడా ఉంచుకోండి.

ట్రైలర్‌ను చాలామంది పడవతో పాటు ఉచితంగా వచ్చిన సామాను అనుకుంటారు, కానీ మొదటి ప్రయాణం దారిలోనే ఆగిపోయేది ఎక్కువగా దాని వల్లనే. ట్రైలర్ టైర్లు అరగడం కంటే ముందు ఎండకు పగులుతాయి. చక్రాల బేరింగులు దూరం తిరిగి వేడెక్కి ఉండగా చల్లని నీటిలో ముంచితే, లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీళ్ల గుండా నీటిని లాక్కుంటుంది. అందువల్ల రేవు చేరాక కొంతసేపు ఆగి, చక్రాల నడిమి భాగం చల్లారాకే దింపండి. బేరింగులను ఇప్పుడు విప్పించి, శుభ్రం చేయించి, కొత్త గ్రీసు పెట్టించాలి. పడవ, ట్రైలర్ మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం ముందు కొక్కెం మీద పడేలా ఉంటే వెనుక ఊగిసలాట ఉండదు. ట్రైలర్‌ను వెనక్కి నడపడం ఖాళీ మైదానంలో నేర్చుకోండి. చేతిని స్టీరింగు అడుగు భాగంలో పట్టుకుంటే, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటే కదిపితే సరిపోతుంది. పడవ నీటి అంచుకు చేరేవరకూ, దానిని ట్రైలర్ మీదికి లాగి పట్టి ఉంచే ముందరి వించ్ పట్టీని విప్పకూడదు. తొందరపడి విప్పిన పడవలు నేరుగా సిమెంటు మీదికి జారిన సందర్భాలు కొన్ని కావు.

రక్షణ సామగ్రిలో అందరూ లైఫ్ జాకెట్లు కొంటారు గానీ, అవి ఎవరికి సరిపోతాయో చూడరు. జాకెట్ మనిషిని పైకి తేల్చే బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు; 50 న్యూటన్ల రకం ఈత వచ్చి, సహాయం దగ్గరలో ఉన్నవారికి మాత్రమే. మీ కుటుంబానికి 100 న్యూటన్లు లేదా అంతకు మించినవి, పిల్లలకు వారి బరువుకు తగినవి, కాళ్ల మధ్య పట్టీ ఉన్నవి కొనండి. పట్టీ లేకపోతే నీటిలో పడిన బిడ్డ కిందికి, జాకెట్ పైకి పోతాయి. మంటలు ఆర్పే సిలిండరు, తెడ్డు, ఈల, టార్చి, నీరు చేదే బకెట్టు, లంగరు కూడా పడవలో ఉండాలి. లంగరు తాడు నీటి లోతుకు కనీసం 5 రెట్లు, గాలి ఉంటే 7 రెట్లు వదలాలి, దానిని పడవ ముందు కొసకే కట్టాలి. వెనుక కట్టి లంగరు వేస్తే అల నేరుగా తక్కువ ఎత్తున్న వెనుక గోడ మీదికి ఎక్కి పడవను ముంచుతుంది.

కిల్ స్విచ్ తాడు గురించి మాత్రం కొంత పట్టుబట్టి చెబుతాను. నడిపే మనిషి మణికట్టుకో జాకెట్టుకో తగిలించుకునే ఆ తాడు ఊడితే ఇంజను ఆగిపోతుంది. అది లేకుండా మీరు నీటిలో పడితే, వదిలేసిన స్టీరింగు ఒక పక్కకు తిరిగి, పడవ గుండ్రంగా చుట్టి మళ్లీ మీ మీదికే వస్తుంది, ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. దానిని తగిలించుకోకుండా గేరు వేయనని నియమం పెట్టుకోండి. పాత పడవల్లో ఆ స్విచ్ చెడి ఉన్నా ఎవరూ గమనించరు కాబట్టి, నేల మీద ఇంజను నడుస్తుండగా తాడు లాగి నిజంగా ఆగుతుందో లేదో చూడండి. రెండో తాడు ఒకటి పడవలోనే ఉంచితే, మీరు పడిపోయినప్పుడు లోపలున్నవారు ఇంజనును తిరిగి స్టార్టు చేసి మీ దగ్గరికి రాగలుగుతారు.

ఇవన్నీ అయ్యాక, గాలి లేని ఒక ఉదయం, రద్దీ ఉండని రోజున, అనుభవం ఉన్నవారితో పడవను దింపండి. కట్టు విప్పకముందే అడుగున నీరు చేరుతోందేమో చూసి, రేవుకు కట్టి ఉండగానే పది నిమిషాలు ఇంజను నడవనివ్వండి. మొదటిరోజు దూరం పోవడం కాదు, ఆగడం నేర్చుకోవాలి. పడవకు బ్రేకు లేదు, పైగా తిప్పితే ముందు భాగం కంటే వెనుక భాగమే ఎక్కువగా పక్కకు జరుగుతుంది, గేరు తీసేస్తే ఔట్‌బోర్డ్ పడవకు తిరిగే శక్తి దాదాపు ఉండదు. అందుకే రేవును సమీపించేటప్పుడు గాలికో ప్రవాహానికో ఎదురుగా రావాలి, ఒకసారి గేరు వేసి, తీసి, మళ్లీ వేస్తూ నడక వేగం కంటే తక్కువలో జరగాలి. నీటి మీద తేలే ఖాళీ డబ్బా ఒకటి వదిలి, దాని పక్కన ఆగడం ఎన్నిసార్లైనా సాధన చేయండి. డబ్బాను గుద్దినా నష్టం లేదు. రేవుకు, పడవకు మధ్య చేతినో కాలినో అడ్డం పెట్టి ఆపబోవద్దని ఎక్కినవారందరికీ ముందే చెప్పండి, ఆ పని పడవ పక్కన వేలాడదీసే రబ్బరు దిండ్లు, అంటే ఫెండర్లు, చూసుకుంటాయి. వేగం అందుకునేటప్పుడు ఇంజనును పూర్తిగా కిందికి వంచి ఉంచి, పడవ నీటి పైకి లేచాక కొద్దికొద్దిగా పైకి ఎత్తండి. ముందు భాగం కుప్పిగంతులు వేస్తే మళ్లీ కొంచెం దించండి.

ఎదురుపడే పడవల విషయంలో 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు సముద్రమంతటికీ వర్తిస్తాయి, లోపలి జలాల్లో స్థానిక నియమాలు కూడా ఉండవచ్చు. నేరుగా ఎదురైతే ఇద్దరూ కుడికి తిరగాలి. దారులు అడ్డంగా కలిస్తే, ఎదుటి పడవ తన కుడి పక్కన కనిపించినవారే దారి ఇవ్వాలి. దాటిపోయేవారు దాటబడేవారికి అడ్డు రాకూడదు. రాత్రి కనిపించే దీపాల్లో ఎరుపు పడవ ఎడమ పక్కను, ఆకుపచ్చ కుడి పక్కను తెలుపుతాయి. సముద్రంలోకి పోదలిస్తే పడవల నుంచి మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో తీసుకుని, అత్యవసర సమయాల్లో వాడే 16వ చానల్ ఎలా వాడాలో నేర్చుకోండి.

భార్యాపిల్లలను ఎక్కించుకునే రోజు ఎప్పుడంటే, మీరు ఒక్కరే రేవుకు మూడుసార్లు వరుసగా తాకిడి లేకుండా చేరగలిగిన రోజు. పడవ మీద బిగించిన పలకలో రాసిన మనుషుల సంఖ్యను, బరువును మించవద్దు. ముందు కొసన కాళ్లు వేలాడేసి ఎవరినీ కూర్చోనివ్వవద్దు. ఎవరైనా నీటిలో దిగితే గేరు తీయడం చాలదు, ఇంజను పూర్తిగా ఆపాలి. తిరిగే ప్రొపెల్లర్ సంగతి అటుంచి, వెనుక పక్క చేరే పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఇంధనంలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలినది ముట్టుకోకుండా ఉంచడానికి అని లెక్క వేసుకోండి. ఎటు వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పి బయలుదేరండి. తిరిగి వచ్చాక ప్లగ్ తీసి ఎంత నీరు కారుతుందో చూడండి, ఉప్పునీటిలో తిరిగితే మంచినీటితో ఇంజనును లోపల కడగండి.

మిత్రులు చెప్పిన రంగు గురించి. ఫైబర్‌గ్లాస్ పడవ పైపొర వెలిసి సున్నం పూసినట్టు కనిపిస్తే చాలా వరకు పాలిష్, మైనంతో మెరుపు తిరిగి వస్తుంది, రంగు అవసరం లేదు. పైగా రంగు వేస్తే మీరు ఈ ఏడాదంతా కనిపెట్టి చూడవలసిన పగుళ్లు దాని కింద దాగిపోతాయి. ట్రైలర్ మీద ఉండే పడవకు అడుగున నాచు పట్టకుండా వేసే పూత కూడా వృథా. తప్పనిసరిగా ఎవరైనా రంగు వేస్తే, ఇంజను కింది భాగానికి బిగించిన లోహపు బిళ్లల మీద మాత్రం పడనివ్వవద్దు. ఇంజను తుప్పు పట్టకుండా తాము కరిగిపోవడానికే అవి ఉన్నాయి, రంగు పూస్తే ఆ పని చేయలేవు. ఉప్పునీటికి జింకు, మంచినీటికి మెగ్నీషియం, రెండింటిలో తిరిగే పడవకు అల్యూమినియం బిళ్లలు వేసి, సగం కరగగానే మార్చండి. సీట్ల పట్టా చిరిగి ఉంటే ఈ సంవత్సరానికి టేపు అంటించి సరిపెట్టుకోండి. కింద ఉన్న ప్లైవుడ్ మెత్తబడి, కూర్చున్న మనిషి కుదుపుకు పక్కకు ఒరిగేలా ఉంటే మాత్రం ఆ ఒక్క సీటును ఇప్పుడే మార్పించండి.